మూడుసార్లు బతిలాడాలె

పోయిన నెల మూడు వారాలు ఊళ్లో లేను. తిరిగి వచ్చాక, మా పాత సహోద్యోగి ఒకాయన బాన్సువాడ దవాఖానలో ఉన్నాడని తెలిసి చూడటానికి వెళ్లాను. గేటుకు ఎదురుగా రోడ్డవతల ఉండే పండ్ల బండి మీద నీలం టార్పాలిన్ కప్పి, తాడు చుట్టి ఉంది. పట్టపగలు ఆ బండి మూసి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పక్కన చాయ్ హోటలాయన నా చూపు కనిపెట్టి, గ్లాసులు కడుగుతూనే చెప్పాడు.

“పోయిండు సారూ. పన్నెండు దినాలైతుంది. పొద్దుగాల బండి తీసిండు, ఛాతిల నొప్పన్నడు. ఎత్తుకొని రోడ్డు దాటిచ్చేలోపే అయిపోయింది.”

బండికి, దవాఖాన గేటుకు మధ్య ముప్పై అడుగులు కూడా ఉండవు.

ఆ రోజు నేను వట్టి చేతులతోనే లోపలికి వెళ్లాను. పక్క వీధిలో పండ్లు దొరక్కపోవు. కానీ ఏం కొనాలో తోచలేదు. ఇరవై ఏళ్లుగా ఆ సంగతి నేను ఆలోచించవలసిన అవసరమే రాలేదు మరి.

ఆయన బండి దగ్గర ఆగి “ఒక కిలో యాపిల్” అంటే ఇచ్చేవాడు కాదు. ముందు ప్రశ్నలుండేవి. ఎవరింటి మనిషి, ఏం బీమారి, ఏ వార్డు, ఎప్పుడు చేర్చారు, పక్కన ఎవరున్నారు. పత్రికలో ముప్పై ఏళ్లు విలేకరుల రాతలు దిద్దినవాణ్ని నేను. వార్తలో ఉండవలసిన ప్రశ్నలు ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చేరిన కుర్రాళ్లు ఏదో ఒకటి మరిచిపోయి వచ్చేవారు. ఈయన మాత్రం ఒక్కటీ వదిలేవాడు కాదు.

ఒకసారి నేనక్కడ ఉండగా కాలువ కింది కోస్తావాళ్ల క్యాంపు నుంచి ఒకావిడ ఆటో దిగింది.

“యాపిల్స్ రెండు కేజీలివ్వు బాబూ. మంచివి చూసి. మా తోడికోడలికి నిన్న ఆపరేషనయ్యింది.”

“తినెటోళ్లెవరమ్మా?”

“అదేం ప్రశ్న? ఆవిడే తింటుంది.”

“నిన్న కోసినామె ఇయ్యాల యాపిల్ తింటదా? పక్కన ఎవలున్నరు?”

“మా అత్తగారున్నారు. ఆవిడ కొరకలేదు, నోట్లో పన్ను లేదు.”

“గట్ల చెప్పుండ్రి. అరటిపండ్లు పట్కపోండ్రి, ఒక బొప్పాయి. ముసలామె పొద్దటి సంది ఏం తిని ఉండదు. యాపిల్ కొంటె గది మంచం పక్కన పెట్టి అందరు చూసుకుంట కూసుంటరు.”

ఆవిడ కొంచెం చిరాకుపడింది గాని అరటిపండ్లే తీసుకుంది. ఆయన సిద్ధాంతం ఒక్కటే. పండ్లు రోగికి కాదు, రోగి పక్కన కూర్చున్న మనిషికి. రోగికి సెలైన్ ఉంటుంది, డాక్టరుంటాడు, చూడవచ్చిన చుట్టాలుంటారు. స్టూలు మీద కూర్చున్న మనిషి తిన్నదా లేదా అని అడిగేవారుండరు. అందుకని కత్తి అక్కర్లేని పండు, చేత్తో ఒలుచుకునే పండు, చప్పుడు లేకుండా తినగలిగే పండు ఏరి ఇచ్చేవాడు. బిచ్కుంద నుంచో పెద్ద కొడప్‌గల్ నుంచో తొలి బస్సుకు వచ్చి, సాయంత్రం దాకా వరండాలో కూర్చునేవాళ్లు బయటికి వస్తే మొహం చూసి చెప్పేవాడు, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో.

అంత చెప్పేవాడికి ఇంకో పట్టుదల ఉండేది. ఎవరైనా ఒక్కసారి “వద్దులే” అంటే రెండోసారి అడగడు. చాచిన చెయ్యి అప్పటికప్పుడే వెనక్కి పోయేది. పక్క బండ్లవాళ్లు కేకలేసి, కోసిన ముక్క నోటి దాకా తెచ్చి అమ్మేవారు. ఈయన అలా చేయగా నేను చూడలేదు.

“దవాఖానకొచ్చెటోడు తిప్పలల్ల ఉంటడు సారూ,” అన్నాడొకసారి. “వద్దన్నోనికి అంటగట్టుడు పాపం. ఒక్కసారి వద్దన్నడంటె ఒడిసింది.”

పండ్లు చుట్టడానికి మా పేపరే వాడేవాడు. “మీ పేపర్ మంచిగ గుంజుతది సారూ తడిని. గీ సంగతి చదివెటోళ్లకు తెల్వదు,” అని నన్ను ఏడిపించేవాడు.

ఆయనది తండా. ఇంట్లో తండా మాట, బజార్లో తెలుగు, మండీలో ఉర్దూ, మద్నూర్ వైపు నుంచి వచ్చే రోగుల బంధువులతో మరాఠీ. ఏ భాషా బడిలో నేర్చుకున్నది కాదు. ఒక్కగానొక్క బిడ్డ చైనాలో డాక్టరు చదువుతోందని ఊరికంతా తెలుసు. ఆయన మాత్రం దాని గురించి గొప్పలు చెప్పేవాడు కాదు. ఫీజుల ముచ్చట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం జామపండ్లు ఏరుతూ తల ఎత్తకుండా అడిగాడు.

“సారూ, చైనాల దవాఖానల ముంగట పండ్ల బండ్లుంటయా?”

“ఉంటాయేమో. ఎందుకూ?”

అప్పుడు చెప్పాడు. బిడ్డకు కడుపులో పేగు చీము పట్టి పగిలితే ఆపరేషన్ చేశారట. పదకొండు రోజులు దవాఖానలో ఉందట. ఇంట్లో ఫికర్ పడతారని ఆ పిల్ల అంతా అయిపోయి హాస్టలుకు వచ్చాక గాని ఫోన్ చేయలేదట. ఆ పదకొండు రోజులూ హాస్టలు గేటు దగ్గర ఉండే కాపలామె పక్కన కూర్చుందట. ఇంట్లో కొర్రజావ కాచి డబ్బాలో తెచ్చి తాగించిందట. పిల్లలంతా ఆమెను ‘ఆయీ’ అని పిలుస్తారట. అక్కడ ఆ మాటకు అత్త, పిన్ని లాంటి అర్థం.

“మన మద్నూర్ దిక్కు ఆయి అంటె అమ్మ గద సారూ,” అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసేపు జామపండ్లే ఏరాడు. ఒక్కటీ పక్కన పెట్టలేదు, తీసినవే మళ్లీ తీస్తున్నాడు.

“ఇరవై ఏండ్ల సంది ఊరోళ్ల పక్కన కూసున్నోళ్లకు పండ్లిచ్చిన. నా బిడ్డ పక్కన కూసున్నామెకు ఎవలిచ్చిండ్రు సారూ?”

బిడ్డ చదువు పూర్తయ్యే నాటికి తాను చైనా పోవాలని, ఆమె చేతిలో పండ్లు పెట్టి రావాలని అప్పుడే అన్నాడు. మూడేళ్ల పాటు ఆ సంగతి మళ్లీ మాట్లాడలేదు.

పట్టా ఇచ్చే పండుగకు తల్లిదండ్రుల్లో ఒకరు రావచ్చని కబురు వచ్చిన వేసవిలో, బండి మీద ఒక అట్టముక్క వెలిసింది. యాపిల్ పెట్టె మూత. దాని మీద స్కెచ్ పెన్నుతో తెలుగు అక్షరాల్లో చైనా మాటలు. బిడ్డ ఫోన్లో పలికి పంపితే, స్పీకరు చెవికి ఆనించుకుని విని రాసుకున్నాడు. ‘నీ హావ్.’ కింద చిన్న అక్షరాల్లో ‘నమస్తె’. ‘ఈ ద్యెన్ ష్యావ్ ఈస.’ కింద ‘ఏదో జెరంత తెచ్చిన’. ‘చింగ్ షౌ శ్యా.’ కింద ‘జెర తీస్కోండ్రి’. ఇంటికి వెళ్లినవాళ్లు అనే మాటలు ఒక పక్క, ఇంటివాళ్లు అనే మాటలు ఇంకో పక్క.

“నీకు ఆవిడ మాటలెందుకయ్యా?” అన్నాను.

“ఆమె ఏమంటదో తెల్వాలె గద. లేకుంటె తిడుతుందనుకుంట.”

ఇంటివాళ్ల వైపు ఒక పొడుగాటి మాట ఉంది. ‘లాయ్ జ్యో లాయ్, హాయ్ దాయ్ షెమ్మ దుంగ్‌షి.’ దాని అర్థం బిడ్డ చెప్పిన రోజు ఆయన సంతోషం చూడాలి. బండి వదిలి వచ్చి, రోడ్డు దాటుతున్న నన్ను ఆపాడు.

“సారూ, ‘వస్తె వచ్చినవ్ గని గివన్ని ఎందుకు తెచ్చినవ్’ అంటరంట! గిది మన ముచ్చటే గద. బిచ్కుందల మా మేనత్త గూడ గిట్లనే అంటది!”

“అయితే ఇంకేం, మనవాళ్లే.”

“ఆగుండ్రి. ఒక్క ఫరక్ ఉన్నది. మనోళ్లు వద్దనుకుంటనే చెయ్యి సాపుతరు. వాళ్లు వద్దనుకుంట చేతులు ఎనుకకు పెట్టుకుంటరంట. రెండుసార్లు, మూడుసార్లు. మనం ఇడిసిపెట్టద్దంట. మూడుసార్లు బతిలాడాలె. ఒక్కసారికే సంచి ఎనుకకు తీస్కుంటె, ఇయ్య మనసు లేక తీస్కున్నడంటరంట.”

ఆయనకు వచ్చిపడ్డ చిక్కు నాకప్పుడు అర్థమైంది. మాటలు నేర్చుకోవడం ఆయనకు కష్టం కాదు. చేతులకు నేర్పడమే కష్టం.

సాయంత్రం పూట గిరాకీ తగ్గాక నేను చైనా ఆయీగా నిలబడవలసి వచ్చేది.

“నేనొచ్చిన. తలుపు కొట్టిన.”

“తలుపేదయ్యా?”

“గీ జామపండ్ల గంప తలుపు. మీరు తీసిండ్రు. నీ హావ్.”

“నీ హావ్.”

రెండు చేతులతో సంచి పట్టుకుని, నడుం వంచి, బడిపిల్లాడిలా ఒప్పజెప్పేవాడు. “ఈ ద్యెన్ ష్యావ్ ఈస. చింగ్ షౌ శ్యా.”

నేను అట్టముక్క చూసి నా వంతు చదివేవాణ్ని. “బు యుంగ్, బు యుంగ్.” అంటే అక్కర్లేదని.

ఆ మాట నా నోట్లో ఉండగానే సంచి వెనక్కి పోయి ఆయన పొట్టకు ఆనుకునేది. ఆయనే ఆశ్చర్యంగా దాని వంక చూసుకునేవాడు. “అగో, మల్ల!”

బండి వెనక ద్రాక్షలో కుళ్లినవి ఏరుతూ ఆయన భార్య నవ్వేది.

“వద్దంటె సాలు, గుంజుకునుడు అలవాటాయె. చైనాకు పోయి బతిలాడుతడట. నేనలిగితె ఒక్కనాడన్న బతిలాడినవా?”

“నువ్వు మూడుసార్లు అలుగు, సూస్త.”

“ఒక్కసారికే దిక్కు లేదు, మూడుసార్లట!”

ఎన్ని సాయంత్రాలు అలా గడిచాయో. సంచి వెనక్కి పోకుండా ఉండాలని ఒకరోజు మోచేతులు బండి అంచుకు ఆనించి నిలబడ్డాడు. ఇంకోరోజు నేను వద్దనే లోపే మూడుసార్లు గబగబా బతిలాడేశాడు. పండ్లు ఎన్ని ఇవ్వాలన్నది కూడా పెద్ద చర్చే అయింది. నాలుగంటే అక్కడ చావు మాటలా వినిపిస్తుంది గనక ఇవ్వకూడదని, అయినా జోడు సంఖ్యే ఉండాలని బిడ్డ చెప్పింది. మనకేమో ఐదు మంచిది. చివరికి ఆరు దగ్గర రాజీ కుదిరింది. “ఐదు మన లెక్కకు, ఇంకోటి కొసరు. వాళ్లకు జోడైతది. ఇద్దరికి కోపం రాదు.”

ప్రయాణానికి వారం ముందు మాత్రం ముఖం వేలాడేసుకుని కనిపించాడు. విమానంలో పండ్లు పట్టుకుపోనివ్వరట.

“చైనాకు పోయి, చైనా పండ్లు కొని, చైనామెకే ఇస్త. ఇగ దాంట్ల నాదేమున్నది సారూ?”

“ఏరడం నీదే కదయ్యా,” అన్నాను.

తలూపాడు. ఆ మాట ఆయనకు సరిపోయింది.

ప్రయాణమై వెళ్లిన వారానికి తిరిగి వచ్చాడు. అన్నాళ్లూ భార్యే బండి నడిపింది. వచ్చిన మర్నాడు బండి చుట్టూ గుంపు. ఆటోవాళ్లు, చాయ్ హోటలాయన, దవాఖాన నర్సులు ఇద్దరు, నేను. ఆయన చెప్పిన కథ ఇది.

అక్కడి పండ్ల దుకాణంలో అరగంట నిలబడి ఆరు పీచ్ పండ్లు ఏరాడు. అంతకు ముందెప్పుడూ ఆ పండు ముట్టుకోలేదు. చిన్నపిల్ల చెంపలాగా నూగు ఉంటుందట. ఒత్తి చూడకూడదు, వాసన చూడాలి అని మూడో పండుకే తెలిసిపోయిందట. దుకాణం మనిషి మొదట వెంటపడి ఏదేదో చెప్పాడట, తర్వాత చేతులు కట్టుకుని చూశాడట, చివరికి లోపలికి పోయి అమ్మకానికి పెట్టని పెట్టె ఒకటి తెచ్చి ముందు పెట్టాడట.

“దుకాణం పెట్టుకున్నోన్ని దుకాణం పెట్టుకున్నోడు గుర్తుపడతడు సారూ.”

అక్కడి నుంచి బిడ్డతో కలిసి హాస్టలు గేటుకు. చిన్న గది, టేబులు, నీళ్లు కాచే కెటిల్. ఆయీ పొట్టి జుట్టు మనిషి, తన వయసుదే. ఈయన తలుపు దగ్గర నిలబడి, నడుం వంచి, రెండు చేతులతో సంచి చాచి, ‘ఈ ద్యెన్ ష్యావ్ ఈస’ అన్నాడు. చేతులు వెనక్కి రాకుండా మోచేతులు బిగించి పట్టుకున్నాడు.

“ఒక్కసారికే తీస్కున్నది సారూ!”

గుంపు గొల్లుమంది.

“ఏండ్ల సంది మన పిల్లలను చూస్తుందట. వద్దంటె ఇండియావోళ్లు నొచ్చుకుంటరని నేర్చుకున్నదట. నేను ఆమె పద్ధతి నేర్చుకొని పోతి, ఆమె మన పద్ధతి నేర్చుకొని కూసున్నది. సంచి ఆమె చేతులనే ఉన్నది, నేను చింగ్ షౌ శ్యా, చింగ్ షౌ శ్యా అంటనే ఉన్న. హాస్టల్ ఆడపిల్లలు ఒకటే నవ్వుడు. మూడుసార్లకు తయారై పోయిన సారూ. ఒక్కసారికే ఒడగొట్టింది. తక్కిన రెండు నాకాడ్నే మిగిలిపోయినయ్.”

ఆ కథ ఏడాది పాటు నడిచింది. మందుల చీటీలు పట్టుకుని దిగులుగా వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా చెప్పేవాడు. సంచి చాచడం, నడుం వంచడం, ఆయీ లాక్కోవడం అన్నీ చేసి చూపేవాడు. వాళ్లు నవ్వేవారు. వాళ్లు నవ్వుతుండగా తను మాత్రం అటు తిరిగి ద్రాక్ష మీద నీళ్లు చల్లేవాడు. కథ చెప్పేవాడి నేర్పు అదే అనుకున్నాను. ఒక్కసారి అడిగాను కూడా. “అంతేనా? ఇంకేం జరగలేదా?”

“గంతే సారూ.”

ఒక మనిషి చెప్పిందాన్ని రెండో మనిషిని అడగకుండా అచ్చు వేయకూడదని కుర్ర విలేకరులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ కథ బాగుంది కదా అని నేనే అలా వదిలేశాను.

ఆయన పోయిన సంగతి తెలిసిన రెండు రోజులకు తండాకు వెళ్లాను. బిడ్డ ఇంట్లోనే ఉంది. విదేశంలో చదివిన డాక్టర్లు ఇక్కడ రాయవలసిన పరీక్ష పాసై నిజామాబాద్‌లో పనిచేస్తోంది. లోపలి గదిలో వాళ్లమ్మ పడుకుని ఉంది. మేమిద్దరం గడప దగ్గర కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలి గనక చైనా కథ ఎత్తాను. మీ నాన్న చెబుతుంటే దవాఖాన ముందు ఎంతమంది నవ్వేవారో అన్నాను.

“మీకు ఎంతవరకు చెప్పిండు సార్?”

“ఒక్కసారికే తీసుకుందని. రెండు మిగిలిపోయాయని.”

“అది మొదటి రోజు,” అంది ఆ అమ్మాయి.

రెండో రోజు కూడా వెళ్లాడట. మళ్లీ ఆరు పండ్లు. ఆయీ మళ్లీ వెంటనే తీసుకుంది. మూడో రోజు సాయంత్రం ప్రయాణం. పొద్దున్నే మళ్లీ ఆరు పండ్లతో గేటు దగ్గర నిలబడ్డాడు.

“ఆ రోజు ఆయీ నిజంగనే వద్దన్నది సార్. మర్యాదకు కాదు. టేబుల్ నిండ పండ్లే ఉన్నయి, పంచినా ఒడుస్తలేవు. లేచి నిలబడి చేతులు ఎనుకకు పెట్టుకున్నది. ‘మీ నాన్నకు చెప్పు, ఇగ చాలు, నా పని నేను చేసిన’ అన్నది. నేను అదే బాపుకు చెప్పిన.”

“చేతులు వెనక్కి తీసుకున్నాడా?”

“లేదు సార్. గట్లనే సాపి పట్టుకున్నడు. చైనా మాట ఒక్కటి రాలే. తెలుగు గూడ రాలే. మా తండా మాటల మొదలువెట్టిండు.”

ఆ అమ్మాయి ఆ మాటలు నాకు తెలుగులో చెప్పింది.

“ ‘పనంటె గేటు తీసుడు, గేటు ఏసుడు అక్కా. కడుపు కోసిన పిల్ల పక్కన పదకొండు దినాలు కూసునుడు నీ పని గాదు. గా కుర్చీ నాది. నేను కూసునే జాగల నువ్వు కూసున్నవ్. మా దవాఖాన కాడ ఎవలు తిన్నరో ఎవలు తినలేదో మొఖం చూస్తె తెలుస్తది నాకు. నువ్వు గా పదకొండు దినాలు తిన్నవో లేదో నాకు తెల్వదు. మూడేండ్ల సంది గదే సోయి. నీ కాళ్లు మొక్కుత, నువ్వు తింటుంటె ఒక్కసారి నన్ను చూడనియ్యి.’ ”

“మరి మాకెందుకు చెప్పలేదమ్మా ఇది?”

“ఎవ్వలకు చెప్పద్దన్నడు సార్. పండ్లమ్ముకునెటోడు వద్దన్నామెకు అంటగట్టిండని నవ్వుతరన్నడు.”

లోపల వాళ్లమ్మ ఒత్తిగిలిన చప్పుడైంది. ఆ అమ్మాయి అటు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఆయీ నన్ను అడిగింది, ఏమంటున్నడని. ఆరేండ్లు గా భాషల మాట్లాడిన సార్, బాపు అన్నది మాత్రం చెప్పరాలే. ‘గీ పండు ఇయ్యాల్నే తినాలంటుండు, రేపటికి ఉండదంటుండు’ అన్న.”

“ఆవిడేమంది?”

“బాపును చూసింది, నన్ను చూసింది. సంచిల చెయ్యి పెట్టి ఒక పండు తీసి, గేటు కాడ్నే నిలబడి తిన్నది. మొత్తం తిన్నది సార్, గింజ దాకా. రసం మోచేతుల మీదికెళ్లి కారుతుంది. బాపు భుజం మీది తువ్వాల తీసి, రెండు చేతులతోని పట్టుకొని, ఆమె తినుడయ్యే దాక పక్కన నిలబడ్డడు.”